వీణ విన్న చెవికి గిటారు ఆల్బమ్‌ను సూచించడమెలా

"మంచి గిటారు ఆల్బమ్ ఒకటి చెప్పండి" అని ఎవరైనా అడిగినప్పుడు మనకు అన్నిటికంటే ఇష్టమైనదాన్ని చెప్పేయడం సులువే గాని, అది చాలాసార్లు అడిగినవారికి అక్కరకు రాదు. ఆ తప్పు నేను మా కింది వాటాలో ఉంటున్న బాబాయి గారి విషయంలో చేశాను. పోర్టులో ఉద్యోగం చేసి విరమించిన ఆయన ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబుల వీణ వింటూ పెరిగినవారు. విశాఖ కళాభారతిలో కచేరీ ఉందంటే ముందు వరుసలో కనిపించే మనిషి. అటువంటి ఆయనకు, వేగానికి పేరుపడ్డ ఒక రాక్ వాద్యకారుడి ఆల్బమ్‌ను, నాకు ఇష్టమన్న ఒక్క కారణంతో ఇచ్చాను. పది నిమిషాలైనా గడవకముందే హెడ్‌ఫోన్లు తీసి నా చేతిలో పెట్టి, "ఏటి బాబూ, ఈయనకి బస్సేమైనా తప్పిపోతుందేటి?" అన్నారు. ఆల్బమ్‌లో లోపం లేదు, ఆయన చెవిలోనూ లోపం లేదు. ఆ రెంటినీ కలిపిన నాదే పొరపాటు.

అందువల్ల ఇప్పుడు ఎవరడిగినా ముందు ఒక ప్రశ్న వేస్తున్నాను. "మీకు ఏ గిటారిస్టు ఇష్టం?" అన్నది ఆ ప్రశ్న కాదు, ఎందుకంటే దానికి జవాబు తెలిసినవారికి మన సలహాతో పనిలేదు. "చిన్నప్పుడు ఇంట్లో ఏమి మోగేది?" అని అడగాలి. విశాఖలో నాకు తరచుగా మూడు రకాల జవాబులు వస్తాయి: కచేరీలు, రేడియోలో వీణ, వయొలిన్ అన్నది ఒకటి, ఇళయరాజా పాటలు అన్నది రెండవది, మద్దిలపాలెం, గాజువాక వైపు హాస్టళ్ళలో చదువుకునే కుర్రాళ్ళు చెప్పే మెటల్, రాక్ అన్నది మూడవది. ఏ చెవికైనా మొదటి ఆల్బమ్ దానికి అలవాటైన ధ్వనికి పక్కింట్లో ఉండాలి; పై ఊరిలో ఉన్నది రెండవసారో మూడవసారో ఇవ్వవచ్చు.

కచేరీ చెవి: తీగను లాగే చోటు నుంచి మొదలు

కర్ణాటక సంగీతం వినేవారికి గిటారు మీద ఉండే ప్రధానమైన అనుమానం గమకం గురించి, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పలికించడం గురించి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మొద్దును తొలిచి చేసే వీణను దగ్గరగా చూసినవారికి కారణం వెంటనే తెలుస్తుంది. వీణ దండి మీద ఇరవై నాలుగు మెట్లు మైనం మీద ఎత్తుగా నిలబడి ఉంటాయి. వేలు చెక్కను తాకదు కాబట్టి తీగను మెట్టు పొడవునా పక్కకు లాగి, ఒక్క మెట్టు మీదే మూడు నాలుగు స్వరాల దాకా పలికించవచ్చు. గిటారు మెట్లు పొట్టివి, వేలు చెక్కకు ఆనుతుంది, లాగుడుకు చోటు తక్కువ. ఈ ఇబ్బందిని గిటారు వాద్యకారులు రెండు దారుల్లో దాటారు: మెట్లను వదిలేసి తీగ మీద లోహపు కడ్డీనో గాజు గొట్టాన్నో జార్చడం ఒకటి, మెట్ల మధ్య చెక్కను గుంటలుగా చెక్కించడం రెండవది. వీణ విన్నవారికి మొదటి ఆల్బమ్ ఈ రెండు దారుల్లో ఒకదాని నుంచే ఎంచాలి.

మొదటి దారిలో నేను నిస్సంకోచంగా చెప్పేది విశ్వమోహన్ భట్, రై కూడర్ కలిసి చేసిన "ఎ మీటింగ్ బై ది రివర్" (1993). జైపూరుకు చెందిన భట్ గిటారుకు మీటే తీగలతో పాటు వాటంతట అవే ప్రతిధ్వనించే తీగలను కూడా అమర్చి మోహనవీణ అని పేరు పెట్టుకున్నారు. కూడర్ కాలిఫోర్నియాకు చెందిన స్లయిడ్ గిటారిస్టు. ఇద్దరూ ముఖాముఖి కలిసి గంటయినా కాకముందే సాంటా బార్బరాలోని ఒక చర్చిలో దీన్ని వాయించారు. అంతకుముందు సాధన లేకపోవడం వినేవారికి లోపంగా కాక, ఒకరి మాట ఒకరు పూర్తిగా విని గాని జవాబివ్వని మర్యాదగా వినిపిస్తుంది. దీనికి గ్రామీ పురస్కారం కూడా వచ్చింది. ఉన్నవి నాలుగే ట్రాకులు. మొదటిదానిలో మోహనవీణ స్వరం ఒకటి మొదలై, జారి, పై స్వరాన్ని అందుకుని, అక్కడ నిలబడకుండా మళ్ళీ కొద్దిగా దిగడాన్ని గమనించమని చెబితే చాలు. ఆ జారుడులోనే వీణ రసికుడికి తన వాళ్ళ గొంతు వినిపిస్తుంది. బాబాయి గారికి రెండవసారి ఇచ్చినది ఇదే. ఆ రోజు హెడ్‌ఫోన్లు రాత్రి దాకా తిరిగి రాలేదు.

దీని వెనుకే "కాల్ ఆఫ్ ది వ్యాలీ" (1967) ఇవ్వవచ్చు. శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు అందరికీ తెలిసినవే. కాని అందులో గిటారును ఒడిలో అడ్డంగా పెట్టుకుని హిందుస్తానీ పద్ధతిలో వాయించిన బ్రిజ్ భూషణ్ కాబ్రా పేరును మన వైపు ఎక్కువమంది గుర్తుంచుకోలేదు. కాశ్మీరులో ఒక పశువుల కాపరి రోజు ఉదయం నుంచి రాత్రి దాకా ఎలా గడుస్తుందో ఆయా వేళల రాగాలతో చెబుతుంది కాబట్టి ట్రాకుల వరుసను మార్చకూడదు. ఫోన్‌లో వరుస కలిపేసే మీట ఒకటి ఉంటుంది గదా, దాన్ని ఆపించి మరీ ఇవ్వాలి.

రెండవ దారి ఇంగ్లండు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌ది. ఆయన అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో వీణ నేర్చుకుని, మెట్ల మధ్య చెక్కను గుంటలుగా తొలిపించిన, అడ్డంగా శ్రుతి తీగలు అమర్చిన గిటారును చేయించుకున్నాడు. ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్రామ్ ఘటంతో కలిసి ఆయన చేసిన మొదటి "శక్తి" ఆల్బమ్ 1976లో వచ్చింది. మొదటి ట్రాకు పద్దెనిమిది నిమిషాల పరుగు. దానితో మొదలుపెడితే బస్సు సామెత మళ్ళీ వినవలసి వస్తుంది. "లోటస్ ఫీట్" అన్న చిన్న ట్రాకును ముందు వినిపించి, తర్వాత వెనక్కి రమ్మని చెప్పడం మేలు. ఆ బృందమే తర్వాతి కాలంలో "రిమెంబర్ శక్తి"గా మారినప్పుడు మన పాలకొల్లు యు. శ్రీనివాస్ మాండలిన్‌తో అందులో చేరారు. "ది బిలీవర్" (2000)లో ఆయనను వినవచ్చు. మాండలిన్ గిటారు కాదని పట్టుబట్టేవారితో నేను వాదించను. పడమటి నుంచి వచ్చిన వయొలిన్‌ను విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు మన వాద్యంగానే వినిపించారు కదా, మాండలిన్ విషయంలోనూ జరిగింది అదే. పూర్తిగా గిటారే కావాలన్నవారికి ప్రసన్న చేసిన "ఎలక్ట్రిక్ గణేశా ల్యాండ్" (2006) ఉంది; కర్ణాటక బాణీని ఎలక్ట్రిక్ గిటారు మీద వాయిస్తూ జిమి హెండ్రిక్స్‌కు సమర్పించిన నివాళి అది.

ఇక్కడి నుంచి అమెరికా నల్లజాతివారి పాట అయిన బ్లూస్‌కు వంతెన సిద్ధంగానే ఉంది, ఎందుకంటే భట్, కూడర్‌ల ఆల్బమ్‌లో మూడవ ట్రాకు పేరే "గ్యాంజెస్ డెల్టా బ్లూస్". బ్లూస్‌ను కర్ణాటక శ్రోతకు పరిచయం చేసేటప్పుడు నేను చెప్పేది ఒక్కటే: గాంధారాన్ని, అంటే 'గ' స్వరాన్ని వినండి. అది సాధారణ గాంధారమూ కాదు, అంతర గాంధారమూ కాదు. ఆ రెంటి మధ్య ఎక్కడో తచ్చాడుతుంది, దానిలోని నొప్పి అంతా ఆ తచ్చాటలోనే ఉంది. పియానో మీద పలకని ఆ స్వరాన్ని గిటారు తీగను లాగి పలికించవచ్చు. బి.బి. కింగ్ "లైవ్ ఎట్ ది రీగల్" దీనికి అన్నిటికంటే తేటైన పాఠం. 1964 నవంబరు 21న షికాగోలోని రీగల్ థియేటర్‌లో రికార్డు చేసి మరుసటి ఏడు విడుదల చేశారు. ఆయన పాడుతున్నప్పుడు వాయించడు, వాయిస్తున్నప్పుడు పాడడు. ఒక పాదం పాడి ఆపితే, లూసిల్ అని పేరు పెట్టుకున్న ఆయన గిటారు, బుర్రకథలో కథకుడి మాటను వంతలు అందుకున్నట్టుగా దాన్ని అందుకుంటుంది, ఆ పైన జనం అందుకుంటారు. ఇంగ్లీషు మాటలు అర్థం కాకపోయినా ఎవరు ఎవరికి బదులిస్తున్నారో తెలుస్తూనే ఉంటుంది. రాబర్ట్ జాన్సన్ "కింగ్ ఆఫ్ ది డెల్టా బ్లూస్ సింగర్స్" (1961) బ్లూస్‌కు మూలవిరాట్టు వంటిదే గాని, 1936, 37 నాటి ఆ రికార్డింగుల గరగర కొత్త చెవిని బెదరగొడుతుంది. దాన్ని చివరికి దాచుకోవాలి. మాలీ దేశపు అలీ ఫార్కా తూరే అదే రై కూడర్‌తో చేసిన "టాకింగ్ టింబక్టూ" (1994)ను అంతకంటే ముందే ఇవ్వవచ్చు. అయిదేసి స్వరాలతో తిరిగి తిరిగి వచ్చే ఆ వరుసలు మన జానపదం విన్నవారికి పరాయివి అనిపించవు.

సినిమా పాట చెవి

ఇళయరాజా పాటలతో పెరిగినవారు తమకు గిటారు తెలియదని అనుకుంటారు గాని, వారికి తెలిసినంత గిటారు కచేరీ శ్రోతకు తెలియదు. పల్లవి మొదలయ్యే ముందు ఒక్కొక్క తీగనూ విడివిడిగా మీటే వరుస, చరణం కింద పాటతో సంబంధం లేనట్టుగా సొంత దారిలో నడిచే బేస్ గిటారు, ఇవన్నీ వారికి కంఠతా వచ్చు. కాకపోతే అవి పాట వెనుక ఉంటాయి. వెనుక ఉన్నదాన్ని ముందుకు తెచ్చే ఆల్బమ్ వీరికి కావాలి. మొదటి మెట్టుగా "గెట్జ్/జిల్బెర్టో" (1964) బాగుంటుంది. పేరు మొదట సాక్సోఫోన్ వాద్యకారుడిదే అయినా, దాని ప్రాణం బ్రెజిల్‌కు చెందిన జొవావ్ జిల్బెర్టో చేతిలోని నైలాన్ తీగల గిటారులో ఉంది. బొటనవేలు డోలు దెబ్బలా నిలకడగా కొడుతుంటే, మిగిలిన వేళ్ళు ఆ దెబ్బకు కొంచెం ముందో వెనుకో పడుతుంటాయి. ఒకసారి బొటనవేలిని మాత్రమే వినమని, రెండవసారి మిగిలిన వేళ్ళను మాత్రమే వినమని చెప్పండి.

తర్వాతిది పాశ్చాత్య శాస్త్రీయ గిటారు. ఇక్కడ జూలియన్ బ్రీమ్ గ్రనడోస్, అల్బెనిజ్‌ల రచనలను వాయించిన ఆల్బమ్ (1982) నా మొదటి ఎంపిక. ఆ ఇద్దరు స్పెయిన్ స్వరకర్తలూ అందులోని చాలా రచనలను నిజానికి పియానో కోసం రాశారు. గిటారుకు వచ్చాక అవి పుట్టింటికి చేరినట్టు వినిపిస్తాయి. బ్రీమ్ దగ్గర వినవలసినది రంగులు. కుడి చేతిని గుర్రం (తీగలు ఆనే చెక్కముక్క) దగ్గరకు జరిపితే తీగ గట్టిగా, రేకు మోగినట్టు పలుకుతుంది. మెడ వైపు జరిపితే మెత్తబడుతుంది. ఆయన ఒకే వాక్యాన్ని రెండుసార్లు వాయించవలసి వస్తే రెండుసార్లూ ఒకే చోట మీటడు. సముద్రం పక్కన ఉన్న మన ఊళ్ళో ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. గిటారుకు నైలాన్ తీగలు వచ్చినది 1940లలో, స్పెయిన్ గిటారిస్టు సెగోవియా కోరిక మీద ఆల్బర్ట్ అగస్టీన్ వాటిని తయారు చేశాక. అంతకుముందు అవి జంతువుల పేగుతో చేసినవి. ఉప్పుగాలి మా డాబా మీద నా స్టీలు తీగలను నెల తిరగకుండానే తుప్పు పట్టించినప్పుడల్లా నేను అగస్టీన్‌కు మనసులో దండం పెట్టుకుంటాను.

నిక్ డ్రేక్ "పింక్ మూన్" (1972) గురించి చెప్పే ముందు ఎక్కడ వినాలన్న సంగతి చెప్పాలి. బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున వాహనాలు ఆపేసే వేళ నడుస్తూ సంగీతం వినడం మనలో చాలామందికి అలవాటు. కాని కెరటాల హోరు సన్నని తీగల పై శబ్దాలన్నింటినీ మింగేస్తుంది, బి.బి. కింగ్ ఆ హోరుకు తట్టుకుంటాడు, బ్రీమ్ తట్టుకోలేడు. ఇంట్లో కెరటాల పని సీలింగ్ ఫ్యాను చేస్తుంది. ఇది నాకు తెలిసి వచ్చినది హుద్‌హుద్ తర్వాత. 2014 అక్టోబరు 12న తుపాను ఊరి మీద పడ్డాక రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్యాను లేదు, ఫ్రిజ్ లేదు, వీధిలో పడిపోయిన చెట్ల వల్ల బండ్లు కూడా లేవు. కారు బ్యాటరీతో ఛార్జి చేసుకున్న ఫోన్‌లో ఒక రాత్రి ఆ ఆల్బమ్ పెట్టాను. అంతకుముందు పదిసార్లయినా విని ఉంటాను. ఆ రాత్రి మొదటిసారిగా ఎడమ చేతి వేళ్ళు ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు మారేటప్పుడు చుట్టుతీగ మీద గీరుకున్న చప్పుడు, పాడబోయే ముందు ఆయన తీసుకున్న ఊపిరి వినిపించాయి. మొత్తం ఇరవై ఎనిమిది నిమిషాలు. ఒక్క మనిషి, ఒక్క గిటారు, ఒక్క పాటలో మాత్రం కాస్త పియానో. ఫ్యాను ఆపలేనివారు కనీసం చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లతో, రాత్రి పదిన్నర దాటాక వినాలి.

రాక్ చెవి

మా పై వాటాలోని ఇంజినీరింగ్ కుర్రవాడికి వేగం, హోరు రెండూ కావాలి. అతనికి నేను హోరును తీసేసి వేగాన్ని మిగిల్చిన ఆల్బమ్ ఇచ్చాను: "ఫ్రైడే నైట్ ఇన్ శాన్‌ఫ్రాన్సిస్కో". 1980 డిసెంబరు 5న పాకో దె లూసియా, అల్ డి మియోలా, మెక్‌లాఫ్లిన్ ముగ్గురూ వార్‌ఫీల్డ్ థియేటర్‌లో మూడు గిటార్లతో మాత్రమే చేసిన కచేరీ ఇది. చివరి ట్రాకు ఒక్కటి స్టూడియోలో చేసినది. "అంకుల్, ఇందులో డ్రమ్స్ లేవు కదా" అని అతను ముఖం చిట్లించాడు. మొదటి ట్రాకులో ఉన్నది పాకో, డి మియోలా ఇద్దరే కాబట్టి, ఎవరు పిక్ అనే చిన్న పలకతో మీటుతున్నారో ఎవరు వేళ్ళతో మీటుతున్నారో కనిపెట్టమని పందెం వేశాను. పిక్ దెబ్బకు ముందు ఒక చిన్న టిక్కుమనే అంచు ఉంటుంది. పాకో చూపుడువేలు, మధ్యవేలు మార్చి మార్చి మీటే పరుగులో ఆ అంచు గుండ్రంగా ఉంటుంది. రెండు రోజుల తర్వాత మెట్ల మీద నన్ను ఆపి జవాబు చెప్పాడు, అదీ సరిగ్గానే. అక్కడి నుంచి పాకో సొంత ఆల్బమ్ "ఫుయెంతె ఇ కౌదల్" (1973)కు వెళ్ళడానికి అతనికి నా సాయం అక్కరలేకపోయింది. ఆ శుక్రవారం మరునాటి కచేరీ కూడా 2022లో "సాటర్‌డే నైట్ ఇన్ శాన్‌ఫ్రాన్సిస్కో" పేరుతో వచ్చింది. పేర్లు చూసి ఒకదానికి బదులు ఒకటి పెట్టుకోకుండా జాగ్రత్తపడాలి.

అసలు రాక్ కావాలని వచ్చే కొత్తవారికి, ముఖ్యంగా ఇంగ్లీషు పాటలు మాటల దగ్గరే ఆగిపోతున్నాయనేవారికి, జెఫ్ బెక్ "బ్లో బై బ్లో" (1975) తగినది. ఇందులో గాయకుడు లేడు. పాడవలసినదంతా గిటారే పాడుతుంది. నిర్మాత జార్జ్ మార్టిన్ కాబట్టి వెనుక అల్లిక కూడా శుభ్రంగా ఉంటుంది. హెండ్రిక్స్ "ఆర్ యు ఎక్స్‌పీరియన్స్‌డ్" (1967) ఇచ్చేటప్పుడు మాత్రం ఏ దేశపు ప్రతి అన్నది చెప్పాలి, ఎందుకంటే బ్రిటన్ ప్రతిలోని పాటల జాబితా, అమెరికా ప్రతిలోని జాబితా ఒకటి కావు. ఎవరికైనా సరే "బెస్ట్ ఆఫ్" సంకలనాలను ఇవ్వడం నాకు నచ్చదు. విందు భోజనంలో నేతి బూరెలన్నీ ఏరి ఒకే విస్తట్లో వడ్డించినట్టుంటుంది ఆ పద్ధతి.

ఇవ్వడంలో పద్ధతి

ఒకేసారి పది పేర్లు రాసి పంపితే అడిగినవారు ఒక్కటీ వినరు. ఒక్క ఆల్బమ్, దానితో పాటు ఏ చోట ఏమి వినాలో ఒక్క వాక్యం, అంతే పంపాలి. వారం తర్వాత కలిసినప్పుడు "నచ్చిందా?" అని అడగకూడదు, మర్యాద కోసం నచ్చిందనే అంటారు. "ఎక్కడైనా ఆపి, వెనక్కి జరిపి మళ్ళీ విన్నారా?" అని అడగాలి. జవాబు వచ్చిన చోటే తర్వాతి ఆల్బమ్‌కు దారి ఉంటుంది: జారుడు దగ్గర ఆగితే బ్లూస్, లయ దగ్గర ఆగితే బ్రెజిల్, రెండు వాద్యాల సంభాషణ దగ్గర ఆగితే పాకో బృందం. ఎక్కడా ఆగలేదంటే శైలిని మార్చే ముందు ధ్వనిని మార్చి చూడాలి. స్టీలు తీగలు గుచ్చుకున్నవారికి నైలాన్ తీగలతో అదే శైలి రుచించవచ్చు.

జాజ్ ఎక్కడా చెప్పలేదేమని అడగవచ్చు. దాన్ని కావాలనే ఆఖరుకు ఉంచాను, ఎందుకంటే ముందుగా ఒక వాడిక ఉంటే గాని అది దారి ఇవ్వదు. వెస్ మాంట్‌గమరీ "ది ఇన్‌క్రెడిబుల్ జాజ్ గిటార్" (1960) మొదట ఇవ్వాలి. ఇరుగుపొరుగు నిద్ర పాడవకూడదని పిక్ మానేసి బొటనవేలితో వాయించడం అలవాటు చేసుకున్నాడని ఆయన గురించి చెబుతారు. ఆ మెత్తదనం అన్ని ట్రాకుల్లోనూ ఉంది. ఒకే స్వరాన్ని మంద్ర స్థాయిలోనూ మధ్య స్థాయిలోనూ జంటగా పలికిస్తూ ఆయన నడిపే వరుసలు, జంట గాయకులు ఎక్కువ తక్కువ స్థాయిల్లో కలిసి పాడినట్టు వినిపిస్తాయి. ప్రతి ట్రాకులోనూ మొదటి నిమిషంలో వచ్చే పల్లవి వంటి వరుసను పెదవుల మీదికి తెచ్చుకున్నాకే ముందుకు పోవాలి, ఎందుకంటే తర్వాత జరిగేదంతా ఆ వరుస మీద చేసే నెరవే, అంటే దాన్నే రకరకాలుగా మార్చి వాయించడమే. జో పాస్ "వర్చువోసో" (1973) ఇంకా కష్టం. ఒక్కడే కూర్చుని బేస్, స్వరసమూహాలు, రాగం మూడూ ఒకేసారి వాయిస్తాడు కాబట్టి దేన్ని పట్టుకోవాలో తెలియదు.

బాబాయి గారు మోహనవీణ నుంచి బి.బి. కింగ్ దాకా వచ్చి, ఆ గాంధారం గురించి నాతో ఒక సాయంత్రమంతా మాట్లాడారు. మాంట్‌గమరీ దగ్గర జంట స్వరాలు బాగున్నాయన్నారు. జో పాస్‌ను మాత్రం మూడవ రోజే తిరిగి ఇచ్చేసి, "ముగ్గురు మాటాడుతున్నట్టుంది బాబూ, ఒకరి తర్వాత ఒకరిని రమ్మను" అన్నారు. అందుకని ప్రస్తుతానికి ఆయన దగ్గర "గెట్జ్/జిల్బెర్టో" ఉంది.